డ్రై క్లీనింగ్ ద్రావణితో కలుషితమైన నేల, భూగర్భ జలాల శుద్ధి: మృత్తికా శాస్త్ర దృష్టి

పురుగుమందుల అవశేషాలు, నత్రజని ఎరువుల నుంచి దిగే నైట్రేట్, ఫ్లోరైడ్, భార లోహాలు - నేల, నీటి కాలుష్యం అనగానే వ్యవసాయ శాస్త్రవేత్తలకు ముందుగా స్ఫురించేవి ఇవే. పట్టణంలోని చిన్న వృత్తి సంస్థల నుంచి నేలలోకి దిగే సేంద్రియ ద్రావణులు మన పాఠ్యప్రణాళికలలో అరుదుగా కనిపిస్తాయి. అయితే ఈ ద్రావణులు నేలలో ప్రవర్తించే తీరును నిర్ణయించేవి మనకు చిరపరిచితమైన ధర్మాలే: సేంద్రియ కర్బనం, రంధ్రపరిమాణం, తేమ, ఆక్సీకరణ-క్షయకరణ స్థితి, సూక్ష్మజీవుల జీవక్రియ. అందువల్ల మూతపడిన లేదా పాతబడిన ఒక డ్రై క్లీనింగ్ దుకాణం కింద నేలను ఎలా శుద్ధి చేస్తారన్న ప్రశ్న కేవలం పర్యావరణ ఇంజనీర్లది కాదు. ఆ ప్రశ్నకు సమాధానంలో సగభాగం ముంపు వరి మడి రసాయన శాస్త్రంలోనే ఉన్నది.

ద్రావణి స్వభావం

డ్రై క్లీనింగ్ అంటే నీటికి బదులు సేంద్రియ ద్రావణితో దుస్తులను ఉతకడం. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం నుంచి ఈ పనికి ప్రపంచవ్యాప్తంగా అత్యధికంగా వాడినది టెట్రాక్లోరోఇథిలీన్. వృత్తిలోని వారు దీనిని పర్క్లోరోఇథిలీన్ అనీ, క్లుప్తంగా పెర్క్ అనీ అంటారు. రెండు కర్బన పరమాణువులు, నాలుగు క్లోరిన్ పరమాణువులు గల అణువు ఇది. మండదు, జిడ్డును బాగా కరిగిస్తుంది, త్వరగా ఆవిరవుతుంది. దుకాణదారునికి ఇవన్నీ సుగుణాలే. నేలలోకి దిగిన తరువాత మాత్రం ఈ గుణాలే సమస్యగా మారుతాయి.

దీని సాంద్రత నీటి సాంద్రతకు 1.6 రెట్లు. స్నిగ్ధత నీటి కంటే తక్కువ. కిరోసిన్, డీజిల్ వంటివి నేలలోకి ఇంకినప్పుడు నీటిమట్టం వద్ద ఆగి పైన తేలుతాయి. పెర్క్ ఆగదు. నీటిమట్టాన్ని దాటి, సన్నని రంధ్రాలగుండా దారి చేసుకొంటూ, బంకమట్టి పొర తగిలేవరకు దిగిపోతుంది. అక్కడ చిన్న చిన్న మడుగులుగా నిలిచి, దశాబ్దాలపాటు కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూ ఉంటుంది. నీటిలో దాని ద్రావణీయత లీటరుకు సుమారు 150 నుంచి 200 మిల్లీగ్రాములు మాత్రమే. ఈ సంఖ్య చిన్నదిగా కనిపిస్తుంది. కానీ త్రాగునీటిలో పెర్క్‌కు అమెరికా విధించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. అంటే పెర్క్‌తో సంతృప్తమైన నీటిలో ఈ పరిమితికి కనీసం 30,000 రెట్ల కాలుష్యం ఉంటుంది.

మరొక విధంగా లెక్కించి చూద్దాం. ఒక లీటరు పెర్క్ బరువు సుమారు 1.62 కిలోలు. అది పూర్తిగా నీటిలో కలిస్తే 32 కోట్ల లీటర్లకు పైగా నీటిని ఆ పరిమితి స్థాయికి చేర్చగలదు. పంటకాలానికి 1200 మిల్లీమీటర్ల చొప్పున 27 హెక్టార్ల వరికి పెట్టే నీరు అంత ఉంటుంది. ఒక్క సీసా ద్రావణికి ఇంత శక్తి ఉన్నప్పుడు, దశాబ్దాలపాటు రోజూ జరిగే స్వల్ప కారుదల సంగతి చెప్పనక్కరలేదు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పెర్క్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే సంభావ్యత గల పదార్థాల వర్గంలో, అనగా 2ఏ లో చేర్చింది. కాలేయం, మూత్రపిండాలు, నాడీవ్యవస్థలపై కూడా దీని ప్రభావం ఉన్నది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించిన నిబంధన ప్రకారం డ్రై క్లీనింగ్‌లో దీని వాడకాన్ని పదేళ్లలో దశలవారీగా నిలిపివేయవలసి ఉన్నది. అయితే రేపటి వాడకాన్ని ఆపడం ఒకటి, నిన్నటి నేలను శుద్ధి చేయడం మరొకటి.

టరావా టెరేస్ ఉదంతం

ఉత్తర కరోలినా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ పట్టణంలో ఏబీసీ వన్-అవర్ క్లీనర్స్ అనే దుకాణం 1950 దశకం తొలినాళ్లలో పని మొదలుపెట్టింది. రోడ్డుకు ఆవల కాంప్ లెజూన్ సైనిక స్థావరానికి చెందిన టరావా టెరేస్ అనే కుటుంబ నివాసాల ప్రాంతం ఉన్నది. అక్కడి కుటుంబాలకు త్రాగునీరు బావులనుంచే అందేది. వాటిలో ఒకటైన టీటీ-26 దుకాణానికి సుమారు 900 అడుగుల దూరంలో ఉండేది.

దుకాణంలో ద్రావణిని వాడిన తరువాత వడకట్టి, స్వేదనం చేసి తిరిగి వాడేవారు. స్వేదన పాత్ర అడుగున మిగిలే మడ్డిని ఆవరణలోని గుంతలు పూడ్చడానికి ఉపయోగించారు. మురుగునీరు సెప్టిక్ ట్యాంకు ద్వారా నేరుగా నేలలోకి ఇంకేది. నాటి దృష్టిలో ఇందులో అసాధారణమైనదేదీ లేదు. స్థూలంగా చూస్తే పారేసినది కూడా పెద్ద పరిమాణమేమీ కాదు. కానీ కింద ఉన్నది ఇసుక, సున్నపురాయి పొరలతో కూడిన తీరమైదానపు జలస్తరం. పైగా రాత్రింబవళ్లు నడిచే బావి చుట్టూ నీటిమట్టం గరాటు ఆకారంలో కుంగి, కలుషిత జలాన్ని తనవైపు లాగుకొన్నది. బోరుబావి నుంచి నీరు తోడినప్పుడు చుట్టుపక్కల బావుల మట్టం పడిపోవడం మన రైతులందరికీ అనుభవమే. ఇక్కడ జరిగినది అదే, కాకపోతే నీటితో పాటు విషమూ వచ్చింది.

1985 జనవరిలో టీటీ-26 నీటిలో లీటరుకు 1,580 మైక్రోగ్రాముల పెర్క్ కనిపించింది. శుద్ధి కేంద్రం నుంచి ఇళ్లకు వెళ్లే నీటిలో కొలిచిన గరిష్ఠ సాంద్రత 215. ఆ ఏడాది ఫిబ్రవరిలో కలుషిత బావులను వాడుక నుంచి తొలగించారు. అమెరికా విషపదార్థాలు, వ్యాధుల నమోదు సంస్థ తరువాత భూగర్భజల ప్రవాహాన్ని కంప్యూటరు నమూనాతో వెనక్కి లెక్కగట్టింది. ఇళ్లకు అందిన నీటిలో పెర్క్ 1957 నవంబరు నాటికే నేటి పరిమితిని దాటి ఉంటుందని 2007లో నివేదించింది. అనగా కలుషిత బావులను తొలగించేనాటికి 27 సంవత్సరాలు గడిచిపోయాయి. ఆ కాలంలో అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, కాపురముండి బదిలీ అయిపోయిన కుటుంబాలు తాము ఏ నీరు త్రాగామో తెలుసుకొనే అవకాశమే లేకపోయింది. నీటికి రంగు మారలేదు. ఆ స్థాయిలో వాసనా తెలియదు. ఇదే స్థావరంలోని హాడ్నాట్ పాయింట్ ప్రాంతపు బావులు కూడా ఇటువంటి ద్రావణులతోనే కలుషితమయ్యాయి. అయితే అక్కడి మూలాలు స్థావరం లోపలివే. ఈ నీటికి గురైనవారు న్యాయస్థానాలను ఆశ్రయించేందుకు వీలు కల్పించే ప్రత్యేక చట్టం 2022లో గాని రాలేదు.

దుకాణ స్థలాన్ని 1989లో జాతీయ ప్రాధాన్య జాబితాలో చేర్చారు. 1993లో భూగర్భ జలానికి, 1994లో నేలకు శుద్ధి విధానాలను నిర్ణయించారు. ఆ స్థలం దశాబ్దాల తరువాత కూడా ఆ జాబితాలోనే కొనసాగుతూ వచ్చింది. ఇంత ఆలస్యానికి పాలనాపరమైన కారణాలు కొన్ని ఉండవచ్చు. అసలు కారణం మాత్రం నేలలో ఉన్నది.

తోడివేత పద్ధతులు, వాటి హద్దులు

నీటిమట్టానికి పైన ఉన్న పొడినేలలో అత్యంత అనుకూలమైనది నేలగాలిని తోడివేయడం. రంధ్రాల గొట్టాలను నేలలో దించి, పంపుతో గాలిని లాగి, బయటికి వచ్చిన ఆవిరిని ఉత్తేజిత బొగ్గుగుండా పంపుతారు. ఇసుక నేలల్లో ఈ పద్ధతి కొన్ని నెలల్లోనే మంచి ఫలితమిస్తుంది. బంకనేలల్లో పరిస్థితి వేరు. సూక్ష్మరంధ్రాలు నీటితో నిండి ఉన్నప్పుడు గాలి వాటిని వదలి పెద్ద పగుళ్లగుండా పోతుంది. నల్లరేగడి నేలలో వర్షాకాలంలో గాలి ప్రసరణ ఎలా మందగిస్తుందో తెలిసినవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. అన్నట్లు, ఈ ఆవిరి పునాదుల పగుళ్లగుండా పైనున్న ఇళ్లలోకీ చేరుతుంది. అందుచేత బావినీరు త్రాగనివారు కూడా పూర్తిగా సురక్షితులు కారు.

నీటిమట్టానికి దిగువన సంప్రదాయ మార్గం నీటిని తోడి, గాలితో చిలికి, ద్రావణిని ఆవిరిగా వేరుచేయడం. ఇది కలుషిత జలం వ్యాపించకుండా నిలువరించగలదు గాని, మూలాన్ని నిర్మూలించలేదు. అందుకు రెండు కారణాలు. మొదటిది అధిశోషణం. పెర్క్ నేలలోని సేంద్రియ కర్బనాన్ని అంటిపెట్టుకొంటుంది. సేంద్రియ కర్బన విభాజన గుణకాన్ని సుమారు 200 గానూ, స్థూల సాంద్రతను 1.6 గానూ, రంధ్రశాతాన్ని 35 గానూ తీసుకొంటే, 0.5 శాతం సేంద్రియ కర్బనం గల నేలలో పెర్క్ నీటి కంటే సుమారు ఐదున్నర రెట్లు నెమ్మదిగా కదులుతుంది. కర్బనం 0.1 శాతమే ఉన్న లోతు ఇసుకలో ఈ మందగమనం రెండు రెట్లకు లోపే. పైపొరలో పట్టి ఉంచేది, లోతులో వదిలేసేది ఒకే సూత్రం.

రెండవ కారణం మరింత చిక్కైనది. ఏళ్ల తరబడి కలుషిత జలం పక్కనే ఉన్న బంకమట్టి పొరల్లోకి ద్రావణి విసరణ ద్వారా చొచ్చుకుపోతుంది. తరువాత ఇసుకలోని నీటిని శుభ్రం చేసినా, బంకమట్టి తనలో దాచుకొన్నదానిని తిరిగి బయటికి విడుదల చేస్తుంది. పంపులు నడిచినంతకాలం సాంద్రత తగ్గుతూ, ఆపిన కొన్ని నెలలకు మళ్లీ పెరగడం అనేక స్థలాలలో గమనించిన విషయం. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో, పంపు ఆపిన తరువాత కనీసం ఒక సంవత్సరంపాటు కొలిచిన ఫలితాలు లేకుండా ఏ స్థలమైనా శుద్ధి అయిందని ప్రకటించడం తొందరపాటు.

పొటాషియం పర్మాంగనేట్ వంటి ఆక్సీకరణులను ఎక్కించడం, ఇనుప రజనుతో నిండిన కందకాన్ని ప్రవాహానికి అడ్డంగా నిర్మించడం, విద్యుత్తుతో నేలను వేడిచేయడం ఇతర మార్గాలు. పర్మాంగనేట్ వాడేటప్పుడు నేలలోని సహజ సేంద్రియ పదార్థమే దానిలో అధికభాగాన్ని ఖర్చు చేస్తుంది. వేడిచేసే పద్ధతి ఖరీదైనది, కానీ మూలస్థానంలో గట్టిగా పనిచేస్తుంది. పెర్క్ 121 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగినా, నీటితో కలిసి ఉన్నప్పుడు ఆ మిశ్రమం సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది.

క్లోరిన్‌ను శ్వాసించే సూక్ష్మజీవులు

అన్నిటికంటే వ్యవసాయ విద్యార్థులకు ఆసక్తి కలిగించేది సూక్ష్మజీవుల మార్గం. పెర్క్ అణువులోని కర్బనం ఇప్పటికే క్లోరిన్‌తో పూర్తిగా ఆక్సీకృతమై ఉంటుంది. కాబట్టి ప్రాణవాయువు గల నేలలో సూక్ష్మజీవులు దానిని ఆహారంగా వాడుకోలేవు. ప్రాణవాయువు లేని స్థితిలో మాత్రం కొన్ని బాక్టీరియాలు దానిని శ్వాసక్రియకు ఉపయోగించుకొంటాయి. మనం ప్రాణవాయువుకు ఎలక్ట్రాన్లను అందించినట్లు అవి పెర్క్‌కు అందించి, ఒక్కొక్క క్లోరిన్‌ను తొలగించి దాని స్థానంలో ఉదజనిని చేరుస్తాయి. పెర్క్ మొదట ట్రైక్లోరోఇథిలీన్‌గా, తరువాత సిస్-డైక్లోరోఇథిలీన్‌గా, ఆపై వినైల్ క్లోరైడ్‌గా, చివరకు హాని లేని ఇథిలీన్‌గా మారుతుంది. అరటి, మామిడి కాయలను పండించే ఇథిలీన్ ఇదే.

ఈ నాలుగు మెట్లనూ ఒంటరిగా దిగగల జీవి ఉన్నదని 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించారు. నేడు దానిని డీహాలోకాక్కాయిడిస్ మెక్కార్టియై అంటారు. దీని శక్తివనరు ఉదజని వాయువు ఒక్కటే, శ్వాసకు క్లోరినేటెడ్ పదార్థాలు మాత్రమే. ఇంత పరిమితమైన జీవనవిధానం గల ప్రాణి ప్రతి నేలలోనూ తగినంతగా ఉండదు. మొదటి రెండు మెట్లు దిగగల ఇతర బాక్టీరియాలు అనేకం ఉన్నాయి, చివరి మెట్లు దిగేవి అరుదు. అందుచేత చాలాచోట్ల చర్య సిస్-డైక్లోరోఇథిలీన్ వద్దనో, వినైల్ క్లోరైడ్ వద్దనో నిలిచిపోతుంది. వినైల్ క్లోరైడ్ మానవులలో నిశ్చయంగా క్యాన్సర్ కలిగించే పదార్థం. అమెరికా త్రాగునీటి పరిమితి దానికి 2 మైక్రోగ్రాములే. అంటే శుద్ధి సగంలో ఆగితే నీరు మునుపటికంటే ప్రమాదకరం కావచ్చు. పెర్క్ తగ్గిందన్న ఒక్క కొలతను చూపి విజయం ప్రకటించరాదు. నాలుగు పదార్థాలనూ, ఇథిలీన్‌నూ మోలార్ ప్రమాణంలో కలిపి లెక్కించాలి. డీహాలోకాక్కాయిడిస్ లోపించినచోట ప్రయోగశాలలో పెంచిన సూక్ష్మజీవుల మిశ్రమాన్ని నేలలోకి ఎక్కిస్తారు. రైజోబియం లేని నేలలో విత్తనశుద్ధి చేయడం వంటిదే ఇది.

ఉదజని ఎక్కడినుంచి వస్తుంది? సోయా నూనె ఎమల్షన్, మొలాసిస్, లాక్టేట్, పాలవిరుగుడు నీరు వంటివాటిని నేలలోకి పంపితే, కిణ్వనం ద్వారా ఉదజని విడుదలవుతుంది. ఇక్కడే వరి మడి గుర్తుకు రావాలి. మడిని ముంచిన తరువాత ప్రాణవాయువు, నైట్రేట్, మాంగనీసు, ఇనుము, సల్ఫేట్ వరుసగా క్షయకరణం చెంది, చివరకు మీథేన్ ఉత్పత్తి మొదలవుతుంది. జలస్తరంలోనూ ఇదే క్రమం. పెర్క్ నుంచి మొదటి క్లోరిన్ ఊడటం ఇనుము క్షయకరణం చెందే దశలోనే సాధ్యం. వినైల్ క్లోరైడ్ ఇథిలీన్‌గా మారడానికి మాత్రం సల్ఫేట్, మీథేన్ దశల స్థాయికి దిగాలి.

దీనివల్ల వచ్చే చిక్కును లెక్కతో చూడవచ్చు. ఒక అణువు పెర్క్‌ను ఇథిలీన్‌గా మార్చడానికి నాలుగు అణువుల ఉదజని చాలు. లీటరుకు 1 మిల్లీగ్రాము పెర్క్ ఉన్న నీటికి కావలసిన ఉదజని 0.05 మిల్లీగ్రాములే. అదే నీటిలో త్రాగునీటికి మన దేశం అనుమతించే 45 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే, దానిని నత్రజని వాయువుగా మార్చడానికే సుమారు 3.6 మిల్లీగ్రాముల ఉదజని కావాలి. పెర్క్ అవసరానికి ఇది సుమారు 75 రెట్లు. నైట్రేట్ ఖర్చయ్యేవరకు క్లోరిన్ శ్వాస సరిగా మొదలుకాదు. అనగా యూరియా అధికంగా వాడిన ప్రాంతపు భూగర్భజలంలో ద్రావణి శుద్ధికి వేసే నూనె ముందుగా ఎరువు ఖాతాలో జమ అవుతుంది. ఎర్రనేలల ఇనుప ఆక్సైడులూ ఇదే విధంగా తమ వాటా తీసుకొంటాయి. సేద్యానికీ ద్రావణి కాలుష్యానికీ గల ఈ సంబంధం పట్టణ స్థలాలపై రాసిన గ్రంథాలలో అంతగా కనిపించదు గాని, పట్టణపు అంచున ఉన్న కూరగాయల మడుల కింద అదే నిర్ణాయకం కావచ్చు.

దాత పదార్థం ఎంపికలో మరొక సూక్ష్మం ఉన్నది. డీహాలోకాక్కాయిడిస్ అతి తక్కువ ఉదజని సాంద్రతలో కూడా పనిచేయగలదు. మీథేన్ ఉత్పత్తి చేసే జీవులకు అంతకంటే ఎక్కువ కావాలి. మొలాసిస్ ఒక్కసారిగా పులిసి ఉదజనిని గుప్పించినప్పుడు మీథేన్ జీవులే లాభపడతాయి. నూనె నెమ్మదిగా విచ్ఛిన్నమై కొద్దికొద్దిగా అందించినప్పుడు క్లోరిన్ శ్వాసించే జీవులకు పైచేయి లభిస్తుంది. పైరుకు నత్రజనిని ఒకేసారి వేయడానికీ, నిదానంగా విడుదలయ్యే రూపంలో ఇవ్వడానికీ గల భేదం వంటిదే ఇది. కిణ్వనంతో ఏర్పడే ఆమ్లాల వల్ల ఉదజని సూచిక 6 కంటే తగ్గితే చివరి మెట్లు నిలిచిపోతాయి కాబట్టి సోడియం బైకార్బొనేట్ వంటిది కలపవలసి రావచ్చు. ఇనుము క్షయకరణం చెందినప్పుడు దానిని అంటిపెట్టుకొన్న ఆర్సెనిక్ విడుదలయ్యే ప్రమాదాన్నీ గమనిస్తూ ఉండాలి.

చెట్లు: శుద్ధికీ, శోధనకూ

పోప్లార్ సంకరజాతులు ట్రైక్లోరోఇథిలీన్‌ను వేళ్లద్వారా గ్రహించి, కొంతభాగాన్ని కణాలలోనే ఇతర పదార్థాలుగా మారుస్తాయని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో ప్రచురించారు. మిగిలిన భాగం కాండం, ఆకులద్వారా గాలిలోకి పోతుంది. వేరు అందే లోతులో నీరు ఉన్నచోట, కాలుష్యం స్వల్పమైనచోట వృక్షాలు సహాయకారులే. మూలస్థానంలోని మడుగులపై వాటి ప్రభావం ఏమీ ఉండదు.

చెట్టు వల్ల అంతకంటే మంచి ప్రయోజనం మరొకటి ఉన్నదని చెప్పాలి. కాండం నుంచి పెన్సిలంత సన్నని చెక్కముక్కను తీసి, సీసాలో బిగించి, పైగాలిలో చేరిన ఆవిరిని విశ్లేషిస్తే ఆ చెట్టు కింది నీటిలో ద్రావణి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు 1999లో ఈ విధానాన్ని వెలువరించారు. బోరు వేయకుండానే కలుషిత జలం ఏ దిశగా సాగిందో స్థూలంగా గుర్తించే చవకైన మార్గమిది. మన ప్రాంతపు వేప, కానుగ, తుమ్మ వంటి లోతువేరు చెట్లపై దీనిని పరీక్షించడం స్నాతకోత్తర విద్యార్థులకు తగిన పరిశోధనాంశం.

మన పరిస్థితులకు సంబంధించి

పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు వెంట పొలాలనూ బావులనూ ఎలా పాడుచేశాయో తెలంగాణ రైతాంగానికి తెలుసు. బల్క్ డ్రగ్ పరిశ్రమలలో వాడే డైక్లోరోమీథేన్, క్లోరోఫారమ్ కూడా పెర్క్ వలెనే నీటికంటే బరువైన క్లోరినేటెడ్ ద్రావణులు. ఇక్కడి గ్రానైట్ శిలల్లో ద్రావణి పగుళ్ల వెంట ఏ దిశగా పోతుందో ఊహించడం తీరమైదానపు ఇసుకలో కంటే కష్టం. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి కలుషితమై రెండవది నిర్మలంగా ఉండవచ్చు. అందువల్ల ఒక్క బోరు ఫలితంతో ఊరంతటికీ తీర్పు చెప్పకూడదు. ఇటువంటి నీటిని పొలానికి పెడితే ద్రావణి చాలావరకు కాలువలోనే గాలిలో కలిసిపోతుంది కాబట్టి, పంటకంటే ఆ నీటిని త్రాగేవారికీ, మూసిన గదిలో దానితో స్నానం చేసేవారికీ ముప్పు ఎక్కువ.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇటువంటి అనుమానం గల బావినుంచి నమూనా తీసేటప్పుడు సాధారణ నీటి పరీక్షకు వాడే ప్లాస్టిక్ సీసాను ఉపయోగించరాదు. సగం నింపిన సీసాలో ద్రావణి పైగాలిలోకి చేరి, మూత తీయగానే పోతుంది. ప్రయోగశాల నివేదికలో 'కనుగొనబడలేదు' అని వస్తుంది. 40 మిల్లీలీటర్ల గాజు సీసాను టెఫ్లాన్ పొర గల మూతతో, గాలిబుడగ ఒక్కటి కూడా మిగలకుండా నింపాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలతో ఉదజని సూచికను 2 కంటే తగ్గించి, మంచుపెట్టెలో 4 డిగ్రీల వద్ద ఉంచి, 14 రోజులలోపు విశ్లేషణకు పంపాలి. నీటిని ఎత్తునుంచి ధారగా పోయకుండా, సీసా గోడ వెంట నెమ్మదిగా నింపాలి. ప్రతి విడతలోనూ శుద్ధజలంతో నింపిన ఒక సీసాను మూత తీయకుండా వెంట తీసుకువెళ్లి, దానినీ పరీక్షించాలి. ఆ సీసాలో కూడా ద్రావణి కనిపిస్తే దోషం బావిది కాదు, రవాణాది.